ఆవిరి నుంచి పాలిమర్ పొర: పారిలీన్ పూతలు, నానో పోగులు తయారు చేసే విధానం

ఒక సర్క్యూట్ బోర్డును వార్నిష్‌లో ముంచితే చిప్పుల కింద ఇరుకు సందుల్లోకి అది సరిగా చేరదు, మూలల్లో పల్చబడుతుంది, గుంటల్లో పేరుకుపోతుంది. ద్రవానికి తలతన్యత ఉన్నంతకాలం ఈ సమస్య తప్పదు. అదే ప్లాస్టిక్‌ను ఆవిరి రూపంలో తెచ్చి, వస్తువు మీదే అణువు అణువుగా గొలుసు కట్టేలా చేస్తే సూదిమొన, గుంట, అడుగుభాగం అన్నిటి మీదా దాదాపు ఒకే మందంలో పొర పడుతుంది. దీన్నే రసాయన ఆవిరి నిక్షేపణ అంటారు. ల్యాబుల్లో అందరూ పిలిచే పేరు సీవీడీ.

ఈ మార్గదర్శి పారిలీన్ అనే పాలిమర్ (చిన్న అణువులు గొలుసు కట్టిన ప్లాస్టిక్) గురించి. పాలిమర్ సీవీడీలో చాలా పాతదీ, పరిశ్రమలో బాగా స్థిరపడినదీ ఇదే. మొదట మామూలు పారిలీన్-సి పూత వేయడం, తర్వాత దానికి రసాయన గుణాలు జోడించడం, చివర అదే యంత్రంతో నానో పోగులు పెంచడం చూద్దాం. ఎంటెక్, పీహెచ్‌డీ విద్యార్థులను, చిన్న ఎలక్ట్రానిక్స్ సంస్థల్లో పనిచేసే ఇంజినీర్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ముందే ఒక మాట: పొర పడటం ఇందులో సులువైన భాగం. అది ఏళ్ల తరబడి అంటుకుని ఉండటమే కష్టం. అందుకే ఉపరితలం సిద్ధం చేసే దశ మీద ఇక్కడ ఎక్కువసేపు ఆగుతాను.

లోపల ఏం జరుగుతుంది

1947లో మాంచెస్టర్‌లో పనిచేస్తున్న మైకేల్ ష్వార్జ్, పారా-జైలీన్‌ను బాగా వేడిచేసి దాని బంధాల బలం కొలుస్తుండగా గొట్టం చల్లని భాగంలో ఒక పల్చటి పాలిమర్ పొర ఏర్పడటం గమనించాడు. ఆ దారిలో దిగుబడి తక్కువ, చెత్త ఎక్కువ. యూనియన్ కార్బైడ్‌లో పనిచేసిన విలియం గోర్హామ్ దీనికి శుభ్రమైన దారి కనిపెట్టాడు. 1960ల మధ్యలో ఆ సంస్థ దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. ఇప్పటికీ అందరూ వాడేది గోర్హామ్ పద్ధతే.

ముడిపదార్థం [2.2]పారాసైక్లోఫేన్ అనే తెల్లటి పొడి. రెండు బెంజీన్ వలయాలను ఎదురెదురుగా పెట్టి, రెండు చివర్లా రెండేసి కార్బన్ల వంతెనలతో కలిపిన అణువు ఇది. ల్యాబులో దీన్ని డైమర్ అనే అంటారు. దీని ప్రయాణం మూడు గదుల్లో సాగుతుంది.

మొదటి గదిలో 150 డిగ్రీల సెల్సియస్ అటూ ఇటూ వేడి. అక్కడ పొడి కర్పూరంలా కరగకుండానే ఆవిరైపోతుంది. రెండోది 650 నుంచి 700 డిగ్రీల కొలిమి. అక్కడ వంతెనలు రెండూ తెగి ఒక్కో డైమర్ నుంచి రెండు మోనోమర్లు, అంటే గొలుసులో ఒక్కో లింకయ్యే చిన్న అణువులు, వస్తాయి. పారా-జైలిలీన్ అనే ఈ మోనోమర్‌కు రెండు చివర్లా చర్యాశక్తి ఉంటుంది. మూడోది గది ఉష్ణోగ్రతలోనే ఉండే డిపాజిషన్ ఛాంబర్. చల్లని ఉపరితలం తగలగానే మోనోమర్లు ఒకదాన్నొకటి పట్టుకుని గొలుసు కడతాయి. ద్రావకం లేదు, ఉత్ప్రేరకం లేదు, చర్యను మొదలుపెట్టే ఇనీషియేటర్ లేదు, ఉప ఉత్పత్తి కూడా లేదు. వైద్య పరికరాల వాళ్లు దీన్ని ఇష్టపడటానికి ఈ శుభ్రతే పెద్ద కారణం. 2011లో తయారీ ఆగిపోయిన సైఫర్ అనే మందు పూసిన స్టెంట్‌లో లోహానికీ మందు పొరకూ మధ్య ఉండేది పారిలీన్-సినే.

పొర అన్ని వైపులా సమంగా పడటానికి కారణం మోనోమర్ అణువు తగిలిన మొదటిచోటే అతుక్కోకపోవడం. వేల సార్లు తగిలి తిరిగి లేచి, ఎక్కడో ఒకచోట నిలుస్తుంది. అందుకే అది సందుల్లోకి, చిప్పు కిందికి వెళ్లగలదు. మీరు రక్షించాలనుకున్న కనెక్టర్ లోపలికి కూడా అంతే సులువుగా వెళుతుంది. పూత పడకూడని చోట్లను మూసే మాస్కింగ్ దగ్గర ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఏ రకం ఎంచుకోవాలి

పారిలీన్-ఎన్ మూల రూపం. వలయం మీద ఏ అదనపు అణువూ ఉండదు. విద్యుత్ నష్టం చాలా తక్కువ, డైఎలక్ట్రిక్ స్థిరాంకం 2.65. సన్నటి సందుల్లోకి బాగా దూరుతుంది కానీ నెమ్మదిగా పెరుగుతుంది. పారిలీన్-సిలో వలయానికి ఒక క్లోరిన్ ఉంటుంది. తేమను, వాయువులను అడ్డుకోవడంలో ఎన్ కన్నా చాలా మెరుగు, గంటకు కొన్ని మైక్రాన్లు పెరుగుతుంది. గాలిలో దీర్ఘకాలం వాడితే 80 డిగ్రీల దగ్గర ఆగాలి. అంతకు మించితే ఆక్సిజన్ దాన్ని పెళుసుబారుస్తుంది. ఇంకా వేడి చోట్లకు ఫ్లోరిన్ ఉన్న హెచ్‌టీ రకం ఉంది, ధర మాత్రం బాగా ఎక్కువ.

మొదటిసారి చేసేవాళ్లు సి తోనే మొదలుపెట్టాలని నా సలహా. సమాచారం ఎక్కువ దొరుకుతుంది, డైమర్ సులువుగా దొరుకుతుంది, చిన్న పొరపాట్లను కొంత ఓర్చుకుంటుంది. ఒక్కటి తెలుసుకోండి: ఏ మామూలు పారిలీనూ నేరు ఎండకు ఎక్కువకాలం నిలవదు. ఎన్, సి రెండూ అతినీలలోహిత కిరణాలకు పసుపెక్కి పాడవుతాయి. బయట పెట్టే సెన్సారుకు పైన మరో కవచం ఉండాలి.

సొంత యంత్రం లేనివాళ్లు నిరాశపడనక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వం నడిపే ఐఎన్‌యూపీ కార్యక్రమం కింద బెంగళూరు ఐఐఎస్‌సీ, బొంబాయి ఐఐటీ లాంటి చోట్ల ఉన్న నానో ఫ్యాబ్రికేషన్ కేంద్రాలను బయటి కాలేజీల వాళ్లు కూడా వాడుకునే వీలుంది. దరఖాస్తు చేసేముందు మీకు కావలసిన యంత్రం అక్కడ పనిచేసే స్థితిలో ఉందో లేదో అడిగి తెలుసుకోండి.

డైమర్ లెక్క

పొర మందాన్ని నియంత్రించే మొదటి మీట మీరు పెట్టే పొడి బరువు. పెట్టినదంతా ఆవిరయ్యేదాకా నడిపితే మందం బరువును బట్టి ఉంటుంది. ఒక అంచనా ఇలా వేయవచ్చు.

ఛాంబర్ 30 సెం.మీ. వ్యాసం, 30 సెం.మీ. ఎత్తు ఉన్న స్తూపం అనుకుందాం. గోడలు, పైకప్పు, అడుగు కలిపి సుమారు 4,240 చదరపు సెం.మీ. లోపలి అరలు, నమూనాలు మరో 1,500 అనుకోండి. మొత్తం 5,740. మనకు 5 మైక్రాన్లు కావాలి, అంటే 0.0005 సెం.మీ. ఘనపరిమాణం 2.87 ఘన సెం.మీ. వస్తుంది. పారిలీన్-సి సాంద్రత 1.29. కాబట్టి గోడలతో సహా అన్నిటి మీదా పడే పాలిమర్ దాదాపు 3.7 గ్రాములు.

ఇది కనీస లెక్క మాత్రమే. కొంత గొట్టాల్లో, కొంత కోల్డ్ ట్రాప్‌లో (పంపుకు ముందు మిగిలిన ఆవిరిని చల్లబరచి పట్టే భాగం) పోతుంది. అసలు అవసరం దీనికి రెట్టింపో, ఇంకా ఎక్కువో ఉండవచ్చు. అది యంత్రాన్ని బట్టి మారుతుంది కనుక ముందు ఖాళీ ఛాంబర్‌లో సిలికాన్ ముక్కలు మాత్రమే పెట్టి రెండు మూడు వేర్వేరు బరువులతో నడిపి, బరువుకు మందం గ్రాఫు గీసుకోండి. తర్వాత నమూనాల సంఖ్య బాగా పెరిగితే, పెరిగిన వైశాల్యానికి తగ్గట్టు డైమర్ కూడా పెంచాలి. చాలామంది ఇది మరిచిపోయి పొర పల్చగా వచ్చిందని యంత్రాన్ని అనుమానిస్తారు.

ఎంత మందం కావాలన్నది పనిని బట్టి. సర్క్యూట్ బోర్డుల తనిఖీ ప్రమాణం ఐపీసీ-ఏ-610లో పారిలీన్‌ను ఎక్స్‌వై రకంగా పేర్కొని 10 నుంచి 50 మైక్రాన్లు సూచిస్తారు. సూక్ష్మ పరికరాలకు ఒకటి రెండు మైక్రాన్లు, పైపొర రసాయనం మాత్రమే కావాలంటే 100 నానోమీటర్లు చాలు.

ఉపరితలం: ఇక్కడ తొందరపడొద్దు

పారిలీన్ తనంతట తాను గాజుకు, సిలికాన్‌కు, బంగారానికి రసాయనికంగా అంటుకోదు. చుట్టూ తొడుగులా పట్టుకుని ఉంటుందంతే. పొడిగా ఉన్నంతసేపు బాగానే కనిపిస్తుంది. ఉప్పునీటిలో పెడితే తేమ అంచుల నుంచి చొరబడి కొద్ది రోజుల్లో పొర బుడగలా లేస్తుంది. ఇంప్లాంట్లు చేసేవాళ్లకు అన్నిటికన్నా పెద్ద టెన్షన్ ఇదే.

ముందు శుభ్రత. బోర్డు అయితే సోల్డరింగ్‌లో మిగిలిన ఫ్లక్స్ మరకలు పూర్తిగా పోవాలి. వేలిముద్రలోని ఉప్పు చాలు, దాని మీద పడ్డ పొర కింద తేమ చేరడానికి. గాజు, సిలికాన్ ముక్కలను అసిటోన్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, డీఅయనైజ్డ్ నీటితో వరసగా కడిగి, నైట్రోజన్‌తో ఊది, వీలుంటే కొద్ది నిమిషాలు ఆక్సిజన్ ప్లాస్మాలో పెట్టండి. ప్లాస్మా వల్ల ఉపరితలం మీద హైడ్రాక్సిల్ గుంపులు పెరుగుతాయి. తర్వాతి దశలో సైలేన్ అనే అంటించే రసాయనం పట్టుకునేది వాటినే. ఇక్కడి నుంచి నైట్రైల్ గ్లవ్స్ లేకుండా ఏదీ ముట్టుకోవద్దు.

తర్వాత సైలేన్. దీనికి అందరూ వాడేది ఏ-174 అని పిలిచే మెథాక్రైలాక్సీప్రొపైల్ ట్రైమెథాక్సీ సైలేన్. దీనికి ఒక చివర ఉన్న సిలికాన్ గుంపు గాజును పట్టుకుంటుంది, మరో చివర ఉన్న ద్విబంధం పెరుగుతున్న పారిలీన్ గొలుసుతో కలుస్తుంది. చేసే తీరు ఇది:

1. 100 పాళ్లు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 100 పాళ్లు డీఅయనైజ్డ్ నీరు, 1 పాలు ఏ-174 ఘనపరిమాణం ప్రకారం కలపండి. అర నిమిషం తిప్పి, కనీసం 2 గంటలు కదపకుండా ఉంచండి. నీటితో చర్య జరిగి సైలేన్ సిద్ధం కావడానికి ఆ సమయం కావాలి.
2. నమూనాలను 15 నుంచి 30 నిమిషాలు ముంచి ఉంచండి.
3. బయటకు తీసి మరో 15 నుంచి 30 నిమిషాలు గాలికి ఆరనివ్వండి.
4. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో 15 నుంచి 30 సెకన్లు కడగండి. అదనంగా పేరుకున్న సైలేన్ పోవాలి. మనకు కావలసింది పల్చటి పొర. మందంగా మిగిలితే అదే బలహీనమైన చోటు అవుతుంది.
5. 115 డిగ్రీల ఓవెన్‌లో అరగంట ఆరబెట్టండి. ఆ వేడికి తట్టుకోని భాగాలుంటే తక్కువ వేడిలో ఎక్కువసేపు ఉంచండి.

ద్రావణాన్ని ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి. 24 గంటలు దాటినదాన్ని పారేయండి. సైలేన్ వేసిన నమూనాలను కూడా వీలైనంత త్వరగా ఛాంబర్‌లోకి చేర్చాలి.

బంగారం, ప్లాటినం లాంటి నోబుల్ లోహాలకు ఏ-174 పట్టు అంతగా ఉండదు. అక్కడ డిజైన్ నుంచే ఆలోచించాలి: లోహాన్ని రెండు పారిలీన్ పొరల మధ్య ఉంచి, అంచుల చుట్టూ పారిలీన్ నేరుగా పారిలీన్‌ను కలిసేలా వెడల్పు వదలడం, పూత అయ్యాక వాక్యూమ్‌లో గాజు పరివర్తన ఉష్ణోగ్రతకు పైన, అంటే 90 డిగ్రీలు దాటించి వేడిచేయడం. వేడికి పొర స్ఫటికత పెరిగి రెండు పొరల మధ్య పట్టు మెరుగుపడుతుంది. ఈ పని గాలిలో చేయకండి, పొర పాడవుతుంది.

మాస్కింగ్

పూత పడకూడని చోట్లన్నీ గాలి దూరనంత బిగుతుగా మూయాలి. చదునైన చోట్లకు పాలిఇమైడ్ టేపు సరిపోతుంది, అంచుల్ని గోరుతో గట్టిగా నొక్కండి. కనెక్టర్లకు పైన టేపు వేస్తే చాలదు. పిన్నుల వెనక సందులోంచి కూడా మోనోమర్ దూరుతుంది. తొక్కలా ఊడివచ్చే ద్రవ లేటెక్స్‌తో నింపి ఆరనివ్వడం నమ్మకమైన పద్ధతి. పూత అయ్యాక టేపు అంచు వెంట పదునైన బ్లేడుతో గాటు పెట్టి అప్పుడు లాగాలి. గాటు లేకుండా లాగితే పక్కనున్న మంచి పొర కూడా దాంతో లేచివస్తుంది.

పారిలీన్ మామూలు ఉష్ణోగ్రతలో ఏ ద్రావకంలోనూ కరగదు కాబట్టి తర్వాత తుడిచి తీయడం కుదరదు. సూక్ష్మ నమూనాల్లో కిటికీలు తెరవాలంటే కాంతితో ఆకృతి గీయగల ఫోటోరెసిస్ట్ కప్పి ఆక్సిజన్ ప్లాస్మాతో చెక్కుతారు. ప్లాస్మా రెసిస్ట్‌ను కూడా దాదాపు అదే వేగంతో తింటుంది, అందుకే మందమైన రెసిస్ట్ కావాలి.

యంత్రం నడపడం

ఛాంబర్ లోపలి గోడలు, ట్రాప్ కోన్ మీద 2 శాతం మైక్రో-90 సబ్బు ద్రావణం పల్చగా పూసి ఆరనివ్వండి. పని అయ్యాక గోడల మీది పొర సులువుగా ఊడివస్తుంది. సబ్బు నమూనాల దగ్గరికి చేరకూడదు.

నమూనాల పక్కనే ఒక సిలికాన్ ముక్క, ఒక గాజు స్లైడు పెట్టండి. సిలికాన్ ముక్క సగానికి టేపు వేసి ఉంచితే తర్వాత మెట్టు ఎత్తు కొలవవచ్చు. తూచిన డైమర్‌ను అల్యూమినియం ఫాయిల్‌తో చేసిన చిన్న పడవలో పోసి వేపరైజర్‌లో, అంటే మొదటి గదిలో, పెట్టండి.

పంపు ఆన్ చేయండి. ఒత్తిడి 10 మిల్లీటార్ దగ్గరికి రావాలి. సాధారణ వాతావరణ పీడనం 760 టార్ అని గుర్తుంటే ఇది ఎంత పల్చనో తెలుస్తుంది. రాకపోతే రెండే కారణాలు: లీకు, లేదా నమూనాల నుంచి వచ్చే తేమ. వాల్వు మూసి ఒత్తిడి పెరిగే తీరు చూడండి. ఒకే వేగంతో పెరుగుతూ పోతే లీకు, మొదట పెరిగి మెల్లగా సర్దుకుంటే తేమ. వర్షాకాలంలో, ముఖ్యంగా కోస్తా ఊళ్లలో, సర్క్యూట్ బోర్డులు చాలా తేమ పీల్చుకుని ఉంటాయి. వాటిని ముందురోజు రాత్రంతా 60 డిగ్రీల ఓవెన్‌లో ఉంచితే పంపు పని తేలికవుతుంది.

కోల్డ్ ట్రాప్‌లో పట్టుబడని మోనోమర్ పంపు నూనెలోకి వెళ్లి పాలిమర్‌గా గట్టిపడుతుంది, పంపు పోతుంది. ట్రాప్‌కు మైనస్ 80, 90 డిగ్రీల చిల్లర్ గానీ ద్రవ నైట్రోజన్ గానీ వాడతారు. ద్రవ నైట్రోజన్ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. వాక్యూమ్ వచ్చిన తర్వాతే నింపండి. గాలి లాగుతుండగా నింపితే, నైట్రోజన్ మరిగే మైనస్ 196 దగ్గర గాలిలోని ఆక్సిజన్ ద్రవంగా మారి ట్రాప్‌లో చేరుతుంది. సేంద్రియ పదార్థంతో కలిసిన ద్రవ ఆక్సిజన్ పేలుతుంది. మూసిన గదిలో ఆవిరైన నైట్రోజన్ ఊపిరాడకుండా చేస్తుంది కాబట్టి గాలి ఆడే చోటే పని చేయండి.

ఇప్పుడు వేడి. వరస తప్పకూడదు: ముందు కొలిమి, చివర వేపరైజర్. పారిలీన్-సికి కొలిమి 690 డిగ్రీలకు చేరి నిలకడపడిన తర్వాతే వేపరైజర్‌ను మెల్లగా పెంచండి. గరిష్ఠం 175 చాలు. కొలిమి చల్లగా ఉండగా డైమర్ ఆవిరైతే అది విడిపోకుండానే ఛాంబర్‌లోకి వచ్చి తెల్లటి స్ఫటికాలుగా రాలుతుంది.

ఇక్కడి నుంచి మీ కళ్లు ఒత్తిడి మీద ఉండాలి. చాలా ల్యాబు యంత్రాల్లో పాటించే సూత్రం: ఖాళీ ఛాంబర్ ఒత్తిడికి 15 మిల్లీటార్ కలిపిన చోట నిలపడం. ఖాళీలో 10 ఉంటే 25 దగ్గర నడపాలి. వేపరైజర్ హీటర్ ఆ అంకెను చూసి తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. వేగం కోసం ఒత్తిడి పెంచితే పొర మసకబారుతుంది, సందుల్లో మందం తగ్గుతుంది. నాణ్యత కావాలనుకుంటే నెమ్మదిగా నడపడమే మేలు.

ఛాంబర్ ఉష్ణోగ్రత కూడా వేగాన్ని మారుస్తుంది. ఉపరితలం చల్లగా ఉన్నకొద్దీ మోనోమర్ ఎక్కువ నిలుస్తుంది. పారిలీన్-ఎన్ 40 డిగ్రీల దరిదాపుల్లో దాదాపు పడటమే మానేస్తుంది. రామగుండం, రెంటచింతల ఎండల్లో ఏసీ లేని గదిలో ఎన్ పూత వేయాలని చూస్తే డైమర్ మొత్తం ట్రాప్‌లోకే పోతుంది. సికి అంత ఇబ్బంది లేదు, అయినా జనవరిలో వచ్చిన మందం మే నెలలో రాకపోవచ్చు. గది ఉష్ణోగ్రతను లాగ్‌బుక్‌లో ప్రతిసారీ రాయండి.

మధ్యలో కరెంటు పోతే ఏం చేయాలో ముందే రాసి యంత్రం మీద అంటించండి. వేపరైజర్ ఆపడం మొదటి పని. పంపు ఆగితే నూనె వెనక్కి రాకుండా అడ్డుకునే వాల్వు ఉండాలి. కరెంటు తిరిగొచ్చినా కొలిమి పూర్తి వేడికి చేరేదాకా వేపరైజర్ దానంతటది ఆన్ కాకుండా ఇంటర్‌లాక్ పెట్టించండి.

డైమర్ అయిపోగానే ఒత్తిడి మళ్లీ మొదటి అంకెకు దిగుతుంది. పని ముగిసిందనడానికి గుర్తు అదే. వేపరైజర్, తర్వాత కొలిమి ఆపి, కొలిమి బాగా చల్లారాకే గాలి వదలండి.

వచ్చినదాన్ని పరీక్షించడం

మంచి పారిలీన్ పొర గాజు మీద ఉందో లేదో తెలియనంత పారదర్శకంగా ఉంటుంది. తెల్లగా, పాలలా కనిపిస్తే ఒత్తిడి ఎక్కువైంది, లేదా డైమర్ విడిపోకుండా వచ్చింది. గోధుమ రంగు కనిపిస్తే కొలిమి మితిమీరి కాలింది, గొట్టంలో మసి ఉంటుంది, శుభ్రం చేయాలి. చుక్కలు చుక్కలుగా ఉంటే దుమ్ము.

మందాన్ని సిలికాన్ ముక్క మీది మెట్టు దగ్గర సూదితో ఎత్తు కొలిచే ప్రొఫైలోమీటరుతో కొలవండి. ఒకటి రెండు మైక్రాన్ల లోపయితే కాంతితో మందం కొలిచే ఎలిప్సోమీటరు బాగుంటుంది, పారిలీన్-సి వక్రీభవన గుణకం 1.64 దగ్గర పెట్టుకుని మొదలుపెట్టండి. ఛాంబర్ పైఅరకూ కిందిఅరకూ 10 శాతం తేడా రావడం మామూలే.

అంటుకునే బలానికి గళ్లు గీసి టేపు లాగే పరీక్ష చాలామంది చేస్తారు. అది పొడి స్థితిని మాత్రమే చెబుతుంది. శరీరంలోనో, తేమలోనో ఉండే పరికరమైతే ఉప్పునీటిలో నానబెట్టి చూడాల్సిందే. పక్కపక్కనే ఉన్న రెండు లోహపు తీగల మధ్య ఇంపిడెన్స్‌ను (ఏసీ విద్యుత్తుకు ఎదురయ్యే నిరోధాన్ని) వారాల తరబడి కొలవండి. అది హఠాత్తుగా పడిపోతే నీరు లోపలికి చేరినట్టు. ప్రతి 10 డిగ్రీలకు చర్యావేగం రెట్టింపవుతుందనే మోటు సూత్రంతో శరీర ఉష్ణోగ్రత 37కు బదులు 67 డిగ్రీల్లో నానబెడితే కాలం 8 రెట్లు వేగంగా గడిచినట్టు లెక్క. 90 దాటించి పరీక్షించకండి, అక్కడ పాలిమర్ స్వభావమే మారిపోతుంది కనుక ఆ ఫలితం అర్థం లేనిది.

పొరకు పని నేర్పడం

ఇప్పటిదాకా వేసింది కవచం. ఏ ప్రొటీన్‌నూ, ఏ కణాన్నీ అది కావాలని పట్టుకోదు. డైమర్ వలయానికి ముందే ఒక రసాయన గుంపు తగిలించి, అదే యంత్రంలో పోస్తే ఆ గుంపు పొర ఉపరితలం మీద కూడా ఉంటుంది. మిషిగన్ విశ్వవిద్యాలయంలోని యోర్గ్ లాహాన్ బృందం ఈ దారిని విస్తరించింది. అమైన్, ఆల్డిహైడ్, యాన్‌హైడ్రైడ్, ఆల్కైన్ గుంపులున్న పొరలు ఇలా వచ్చాయి.

ఇందులో ఆల్కైన్ నాకు బాగా నచ్చిన ఎంపిక. అది నీటితోనూ గాలితోనూ గొడవపడదు, కానీ రాగి ఉత్ప్రేరకం ఉంటే ఎజైడ్ గుంపున్న ఏ అణువునైనా పట్టుకుంటుంది. 2022 రసాయన నోబెల్ వచ్చిన క్లిక్ కెమిస్ట్రీ ఇదే.

మారేవి మూడు సంగతులు. కొలిమి వేడి తగ్గాలి. ఆల్కైన్ లాంటి సున్నితమైన గుంపుకు 500 డిగ్రీల లోపే నడుపుతారు. మరీ తగ్గితే వంతెనలు తెగవు, పెరిగితే గుంపు పోతుంది. ఈ మధ్య ఇరుకు దారిని మీ యంత్రంలో మీరే వెతుక్కోవాలి. రెండోది, డైమర్ ఖరీదు. అందుకే అడుగున పారిలీన్-సి కవచం వేసి, పైన 100 నానోమీటర్లు మాత్రం ఈ ప్రత్యేక పొర వేయడం తెలివైన పద్ధతి. మూడోది, గుంపు బతికిందో లేదో రుజువు చేసుకోవడం. ఇన్‌ఫ్రారెడ్ వర్ణపటంలో ఆల్కైన్‌కు 2,100, 3,290 తరంగ సంఖ్యల దగ్గర గీతలు కనిపించాలి. తర్వాత వెలుగునిచ్చే ఎజైడ్ రంగును కాపర్ సల్ఫేట్, సోడియం యాస్కార్బేట్‌తో కలిపి పొర మీద పోసి, కడిగి, ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపులో చూడండి. రాగి లేకుండా అదే పని చేసిన నమూనా పక్కన తప్పకుండా ఉండాలి. అది కూడా వెలిగితే రంగు ఊరికే అంటుకుందని అర్థం.

కొన్ని చోట్ల పొర పడకుండా ఆపడం కూడా ఉపాయమే. ఇనుము లాంటి కొన్ని లోహాల మీద పారిలీన్ మొదలవడమే ఆలస్యమవుతుందని 2000లో ఎంఐటీలో కాథ్లీన్ వేత్, క్లావ్స్ జెన్సెన్ చూపించారు. లోహంతో గీసిన గీతలే మాస్కుగా పనిచేస్తాయి. పొర మందం పెరిగేకొద్దీ ఈ ఎంపిక పోతుంది కనుక పల్చటి పొరలకే ఇది పనికొస్తుంది.

నానో పోగులు

మోనోమర్ గట్టి ఉపరితలం మీద కాకుండా ద్రవ స్ఫటికంలోకి పడితే ఏమవుతుంది? 2018లో లాహాన్, నికొలస్ అబాట్ బృందాలు సైన్స్ పత్రికలో ప్రకటించిన జవాబు: ద్రవ స్ఫటికంలో అణువులు ఒకే దిశలో నిలబడి ఉంటాయి కనుక పాలిమర్ కూడా ఆ దిశలోనే పోగులుగా పెరుగుతుంది. పోగు పొడవు ద్రవపు మందమంత, వ్యాసం నూరు నానోమీటర్ల స్థాయిలో ఉంటుంది. ఇది చాలా అందమైన ప్రయోగం, పూత యంత్రం ఉన్న ల్యాబులో చేయదగినదే.

గాజుకు ఆక్టడెసిల్ ట్రైక్లోరోసైలేన్ పూత వేయండి. దాని మీద ద్రవ స్ఫటికపు అణువులు నిట్టనిలువుగా నిలుస్తాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు వాడే సన్నటి లోహపు జాలీని గాజు మీద ఉంచి, ఆ గళ్లలో ఈ7 అనే ద్రవ స్ఫటికాన్ని నింపి, ఎక్కువైనదాన్ని సన్నటి గొట్టంతో పీల్చేయండి. ఛాంబర్‌లో పెట్టేముందు క్రాస్ చేసిన పోలరైజర్ల మధ్య చూడండి. గళ్లు నల్లగా కనిపిస్తే అణువులు నిలువుగా ఉన్నట్టు. రంగులు కనిపిస్తే సైలేన్ పూత మళ్లీ వేయాలి. ఈ పరీక్ష దాటవేస్తే తర్వాత పోగులు ఎందుకు చిక్కుపడ్డాయో ఎప్పటికీ తెలియదు.

5సీబీ అనే ద్రవ స్ఫటికం చౌకగా దొరుకుతుంది, కానీ అణువులు ఒకే దిశలో ఉండే దాని నెమాటిక్ స్థితి 35 డిగ్రీల దగ్గరే పోయి మామూలు ద్రవమైపోతుంది. ఈ7 దాదాపు 60 దాకా నిలుస్తుంది. మన వాతావరణానికి ఈ7 నమ్మదగినది. నమూనా కింద చల్లటి స్టేజ్ ఉంటే ఇంకా మంచిది.

డైమర్ గ్రాముల్లో కాదు, మిల్లీగ్రాముల్లో చాలు. హైడ్రాక్సీమిథైల్ లాంటి గుంపున్న డైమర్ వాడతారు. నెమ్మదిగా, తక్కువ ఒత్తిడిలో నడపాలి. ఎక్కువ పోస్తే ద్రవం పైన పొర కట్టి లోపలికి దారి మూసేస్తుంది. అయ్యాక ఇథనాల్, అసిటోన్‌తో ద్రవ స్ఫటికాన్ని మెల్లగా కడిగేయండి. ఆరేటప్పుడు ద్రావకపు తలతన్యత పోగుల్ని ఒకదానికొకటి లాగి కుచ్చులుగా అంటిస్తుంది. నిటారుగా కావాలంటే తలతన్యత లేకుండా ఆరబెట్టే క్రిటికల్ పాయింట్ డ్రైయర్ వాడాలి. పోగుల మీద గుంపులు మిగిలే ఉంటాయి కనుక వాటికి ఎంజైములనో, రంగులనో తర్వాత తగిలించుకోవచ్చు.

ఇంకా సులువైన దారులు రెండున్నాయి. అధిక వోల్టేజితో ద్రావణాన్ని పోగులుగా లాగే ఎలక్ట్రోస్పిన్నింగ్‌తో తీసిన పాలిలాక్టిక్ యాసిడ్ పోగుల మీద పారిలీన్ వేసి, లోపలి పోగును వేడితో తొలగిస్తే సన్నటి గొట్టాలు మిగులుతాయి. జర్మనీలోని మార్‌బుర్గ్‌లో గ్రైనర్, వెండోర్ఫ్ బృందం 2000లో చూపిన ఈ పద్ధతిని టఫ్ట్ అంటారు. రెండోది పెన్ స్టేట్‌లో మెలిక్ డెమిరెల్ బృందం చేసింది: ఆవిరిని సన్నటి ముక్కు ద్వారా 10 డిగ్రీల కోణంలో వాలుగా పంపి, నూటయాభై నానోమీటర్ల వ్యాసమున్న వంగిన స్తంభాల వరసలు పెంచడం. ఇందులో నీడ పడిన చోట పొర పెరగదు, ఎత్తుగా ఉన్నది ఇంకా ఎత్తవుతుంది. దీనికి ముక్కు, తిరిగే స్టేజ్ ఛాంబర్‌లో అదనంగా అమర్చుకోవాలి.

పారిలీన్ సరిపోని చోట

వేడి తట్టుకోని గుంపులు, జెల్‌లు, అక్రిలేట్లు కావాలంటే ఎంఐటీలో కరెన్ గ్లీసన్ అభివృద్ధి చేసిన ఐసీవీడీ (ఇనీషియేటర్‌తో నడిచే సీవీడీ) వైపు వెళ్లండి. అక్కడ మోనోమర్‌ను కొలిమిలో పెట్టరు. టెర్ట్-బ్యూటైల్ పెరాక్సైడ్ అనే ఇనీషియేటర్ మాత్రమే 200 నుంచి 300 డిగ్రీల వేడి తీగల దగ్గర విడిపోతుంది, మోనోమర్ చల్లటి స్టేజ్ మీద పీల్చుకోబడి గొలుసు కడుతుంది. అందులో చూసుకోవాల్సిన అంకె మోనోమర్ పీడనానికీ, ఆ స్టేజ్ ఉష్ణోగ్రత దగ్గర దాని సంతృప్త పీడనానికీ ఉన్న నిష్పత్తి. అది 1కి చేరితే ద్రవంగా కురుస్తుంది, మరీ తక్కువైతే పొర పెరగదు. స్టేజ్ ఒకటి రెండు డిగ్రీలు మారినా ఈ నిష్పత్తి మారిపోతుంది. కనుక ఐసీవీడీ మొదలుపెట్టేవాళ్లు డబ్బు ముందుగా ఖర్చు పెట్టాల్సింది మంచి చిల్లర్ మీద, మంచి ప్రెషర్ గేజ్ మీద.